ఫౌజీ నడుముకీ టేపు పెట్టండి

‘‘మిలటరీలో చేసిన మనిషి, ఆయనకి షుగరేంటి?’’ ఇంట్లో మాజీ సైనికుడుంటే ఈ మాట మీరు వినే ఉంటారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ అందులో కొంత నిజం ఉంది. పరుగు, తాడెక్కడం వంటి పరీక్షలు, ఏటా వైద్య పరీక్ష తప్పవు. పనిచేసే కండరం రక్తంలోని గ్లూకోజును లాగేసుకుంటుంది.

కానీ జవాన్లలో చాలామంది నలభై ఏళ్లకు అటూఇటుగా ఇంటికొచ్చేస్తారు. పరుగు ఆగుతుంది, ఆకలి ఆగదు. ఏటీఎం దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం, నైట్‌ డ్యూటీలు, పూటపూటా అన్నం. కండ కరిగి, కొవ్వు పొట్టలో చేరుతుంది. తూకం మాత్రం పాత బరువే చూపించొచ్చు!

అందుకే బరువును నమ్మొద్దంటాను. నడుము చుట్టూ టేపు పెట్టండి. మన మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే జాగ్రత్తపడాల్సిందే. పరగడుపు షుగర్‌ 100 నుంచి 125 ఉంటే మధుమేహానికి ముందు దశ. 126 గానీ, ఆపైన గానీ ఉంటే మరోసారి పరీక్షించి నిర్ధారించుకోవాలి. ముందు దశలోనే పట్టుకుంటే నడక, బరువులెత్తే వ్యాయామం, పళ్లెంలో అన్నం తగ్గించడంతో చాలామందిలో వెనక్కి మళ్లించొచ్చు.

రిటైరైన రోజు రిపోర్టు చూసుకుని నిశ్చింతగా ఉండొద్దు. అది పరుగెత్తిన మనిషిది. ఈసీహెచ్‌ఎస్‌ కార్డు జ్వరానికేనా? ఈ నెలే తీసుకెళ్లి పరీక్ష చేయించండి.