ఒళ్లు ఉప్పగా ఉండే బిడ్డకు ఆటల నొప్పులు

బిడ్డను ముద్దాడితే పెదవికి ఉప్పు తగులుతోందా? ఎండలో ఆడొచ్చిన పిల్లలెవరికైనా కొంత అలాగే ఉంటుంది. కానీ చెమట ఆరాక నుదుటి మీద తెల్లగా ఉప్పు కట్టడం, ఎప్పుడూ వదలని దగ్గు, జిడ్డుగా దుర్వాసనతో విరేచనాలు, ఎంత తిన్నా ఒంటికి పట్టకపోవడం – ఇవన్నీ ఒకే బిడ్డలో కనిపిస్తే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఏమోనని డాక్టరుకు చూపించాలి. ఇది అంటువ్యాధి కాదు. లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితేనే వస్తుంది. మేనరికాలు ఎక్కువగా చేసుకునే మన సీమలో ఇది తెలిసి ఉండాలి. (నేరమంతా కోడలి మీదే మోపే అత్తగారుంటే ఈ వాక్యం చదివి వినిపించండి!)

ఇలాంటి పిల్లల్ని ఆటలకే పంపొద్దంటారు కొందరు పెద్దవాళ్లు. అది సరికాదు. పరుగెత్తితే ఊపిరితిత్తుల్లో పేరుకున్న చిక్కటి కఫం కదులుతుంది, కండ బలపడుతుంది. చిక్కల్లా మన అనంతపురం ఎండతోనే. 1948లో న్యూయార్క్‌లో వడగాడ్పులు వీచినప్పుడు సొమ్మసిల్లి ఆసుపత్రికొచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్లు ఎక్కువగా ఉన్నారు. వాళ్ల చెమటలో ఉప్పు మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువని 1953లో డాక్టర్ పాల్ డి శాంట్ ఆగ్నీస్ తేల్చారు. ఈ జబ్బుకు ఇప్పటికీ చేసే చెమట పరీక్షకు మూలం అదే. వాళ్లకది కొద్ది రోజుల ముచ్చట, మనకు మార్చి నుంచి జూన్ దాకా అదే ఎండ.

ఒంట్లో ఉప్పు తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, వాంతులవుతాయి. అప్పుడు ఉత్త నీళ్లే తాగిస్తే రక్తంలో ఉప్పు ఇంకా పలచబడుతుంది. ఆటకు ముందూ మధ్యలోనూ ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో ఇవ్వండి. ఉప్పు ఎంతన్నది మీ డాక్టరు చెప్పిన లెక్కే. బీపీ ఉన్న తాతగారికి చప్పిడి వండినా, ఈ బిడ్డ రాగి సంగటిలో, ఊరుబిండిలో మాత్రం ఉప్పు తగ్గించకండి.

అసలు భయపడాల్సింది కండరం చితకడానికి. అలవాటు లేకుండా ఒక్కసారే వంద గుంజీళ్లు తీసినా, గుత్తి కోట ఎక్కి దిగినా కండరాల పోగులు దెబ్బతింటాయి. దిగేటప్పుడే ఎక్కువ, తొడ కండరం సాగుతూ ఒంటి బరువునంతా ఆపాలి కదా! మర్నాడో మూడోనాడో నొప్పి పుట్టి, వారం లోపు తగ్గిపోతే పరవాలేదు. అదే నీరూ ఉప్పూ తగ్గిన ఒంట్లో కండ బాగా చితికితే, అందులోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తొడలు వాచి గట్టిపడినా, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీకే అనే రక్తపరీక్షతో కండ ఎంత చితికిందో తెలుస్తుంది. అంగట్లో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కొనివ్వకండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకు చెరుపు. వాడుతున్న మందుల చీటీ కూడా వెంట తీసుకెళ్లండి. ఈ పిల్లలకిచ్చే కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల భారం కూడా మూత్రపిండాల మీదే.

బడి తెరవగానే డ్రిల్లు మాస్టారికి ఒక చీటీ రాసివ్వండి: మా వాణ్ని ఆడించండి, కానీ పొద్దున చల్లపూట, రోజుకు కాస్త కాస్త పెంచుతూ, గుంజీళ్ల శిక్ష మాత్రం వద్దు, మజ్జిగ సీసా చేతికందేలా ఉండనివ్వండి అని.