అడిగే నాథుడు లేని ఊరి అప్పు

"పని చేసేవాణ్ణి చెయ్యనివ్వరు, అడుగడుక్కీ అడ్డం పడతారు." ఊరి నడిబొడ్డు బజారును బాగుచేస్తామని ఏ పథకం వచ్చినా, కౌన్సిల్లో దాని మీద ఎవరైనా నాలుగు ప్రశ్నలు వేసినప్పుడల్లా వినిపించే మాట ఇది. బ్రిటన్‌లో హై స్ట్రీట్ల (ఊరి ప్రధాన బజార్ల) పునరుద్ధరణ గురించి ఏళ్ల తరబడి సాగుతున్న చర్చలోనూ ఇదే మాట చలామణీలో ఉంది. ఊల్‌వర్త్స్ దుకాణాలు మూతపడ్డాయి, బీహెచ్ఎస్ దుకాణాలు మూతపడ్డాయి, ఆన్‌లైన్ దెబ్బకు, కోవిడ్ దెబ్బకు డెబెనమ్స్ దుకాణాలు కూడా పోయాయి. షట్టర్లు దించిన కొట్లతో బజారు వెలవెలబోతుంటే డబ్బు పెట్టేవాడు దొరకడమే గొప్ప, కమిటీలు కాగితాలు ముందేసుకుని కూర్చుంటే అతను పక్క ఊరికి పోతాడు అంటారు. చదువుకున్నవాళ్లు, మంచి ఉద్దేశం ఉన్నవాళ్లు కూడా దీన్ని నమ్ముతారు. ఇది తప్పుడు నమ్మకం. దీని ఖరీదు ఎంతో లెక్కతో సహా చూపించగల ఊళ్లు ఇంగ్లండ్‌లోనే ఉన్నాయి.

వోకింగ్ సంగతి చూడండి. లండన్‌కు నైరుతి దిక్కున, రైలెక్కితే అరగంటలో వచ్చే పట్టణం. జనాభా లక్ష పైచిలుకు. భోపాల్ బేగం షాజహాన్ సాయంతో 1889లో కట్టిన మసీదు ఆ ఊళ్లోనే ఉంది కాబట్టి మనకూ కొంత తెలిసిన పేరే. అక్కడి కౌన్సిల్ ఊరి నడిబొడ్డున విక్టోరియా స్క్వేర్ అనే భారీ పథకాన్ని తలకెత్తుకుంది. షాపులు, పెద్ద హోటల్, ముప్పై అంతస్తులు దాటిన టవర్. ఖర్చు సుమారు 70 కోట్ల పౌండ్లు. అప్పు ప్రభుత్వ రుణ సంస్థ నుంచి తెచ్చారు. అది ఇచ్చేటప్పుడు ప్రాజెక్టు లాభసాటిగా ఉందా లేదా అని బ్యాంకులా తరచి చూడదు. కౌన్సిల్‌కు రేపు వచ్చే ఆదాయమే దానికి హామీ. కాబట్టి 'ఈ అప్పు తీరుతుందా' అని అడగాల్సిన బాధ్యత మొత్తం కౌన్సిల్ లోపలి మనుషుల మీదే పడుతుంది.

2023 జూన్ 7న వోకింగ్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. చట్టరీత్యా తప్పనిసరైన సేవలకు తప్ప మరి దేనికీ కొత్తగా ఖర్చుపెట్టలేమని ఒప్పుకోవడమే ఆ నోటీసు. ఆ ఏడాది కౌన్సిల్ చేతిలో ఉన్న మూల నిధులు కోటీ 60 లక్షల పౌండ్లు, లోటు 120 కోట్ల పౌండ్లు. మొత్తం బాకీ 260 కోట్లకు చేరుతుందని అంచనా. చంటిపిల్లలతో సహా తలకు పాతిక వేల పౌండ్ల అప్పు. విక్టోరియా స్క్వేర్ ఒక్కటే దీనికి కారణం కాదు గానీ, పెద్ద భాగం మాత్రం దానిదే.

లోటు అంత పెరగడానికి ఒక ముఖ్య కారణం సాంకేతికంగా కనిపించే చిన్న పద్దు. అప్పు తెచ్చిన ప్రతి కౌన్సిల్ వడ్డీతో పాటు అసలు తీర్చడానికి కూడా ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టాలని నిబంధన ఉంది. వోకింగ్ ఆ సొమ్ము పెట్టాల్సినంత పెట్టలేదు. అది ఒక్క ఏడాదితో ఆగలేదు, ఏళ్ల తరబడి అలాగే సాగింది. "ఈ అప్పు అసలు తీర్చడానికి ఈ ఏడాది ఎంత పక్కన పెట్టారు? ఏ లెక్క ప్రకారం?" ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాబట్టి, అది వచ్చేదాకా సంతకం ఆపి ఉంటే ఏమయ్యేది? మహా అయితే ఆరు నెలలు ఆలస్యం. ఆ ఆరు నెలలు మిగిల్చినందుకు ఊరి జనం ఇప్పుడు ఏం కడుతున్నారో చూడండి: 2024లో ఒక్కసారిగా పది శాతం దాకా పెరిగిన కౌన్సిల్ పన్ను, కోత పడిన సేవలు, పైనుంచి ప్రభుత్వం దింపిన కమిషనర్లు.

"వోకింగ్‌లో స్క్రూటినీ కమిటీ ఉంది కదా, ఉండి ఏం చేసింది?" అని ఎదుటివాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ఆ కమిటీల పుట్టుకలోనే ఉంది. 2000 నాటి స్థానిక ప్రభుత్వ చట్టానికి ముందు ఇంగ్లండ్ కౌన్సిళ్లలో అన్ని పార్టీల సభ్యులూ ఉన్న కమిటీలే నిర్ణయాలు చేసేవి. ఆ చట్టం తర్వాత అధికారం చాలాచోట్ల ఒక నాయకుడి చేతికీ, గరిష్ఠంగా పదిమంది ఉండే కేబినెట్ చేతికీ పోయింది. మిగిలిన సభ్యులకు దక్కింది స్క్రూటినీ. కేబినెట్ సభ్యుల్నీ అధికారుల్నీ పిలిచి అడగవచ్చు. తీసుకున్న నిర్ణయాన్ని అమలుకు ముందే వెనక్కి రప్పించి మరోసారి ఆలోచించమనవచ్చు. అంతే. రద్దు చేసే హక్కు లేదు. స్క్రూటినీ అభివృద్ధిని ఆపేస్తోందన్న ఆరోపణ ఇక్కడే వీగిపోతుంది. ఆపే అధికారమే లేనిదాన్ని పట్టుకుని ఆపుతోందంటే ఎలా?

దానికి ఉన్న బలమల్లా సమాచారం. ఆ సమాచారాన్నే దాస్తారు. చాలా కౌన్సిళ్లలో రహస్య పద్దుల నివేదికలు గులాబీ రంగు కాగితం మీద అచ్చువేసి పంచుతారు. వాటి వంతు వచ్చేసరికి అధ్యక్షుడు తీర్మానం చదువుతాడు, విలేకరులూ జనమూ లేచి బయటికి నడుస్తారు, తలుపు మూస్తారు. వ్యాపార గోప్యత అన్నది కారణం. ఆ కాగితాల్లో ఏముందో బయట చెప్పే వీల్లేదు కాబట్టి సభ్యుడు తన వార్డులో పాతికేళ్లుగా కొట్టు నడుపుతున్న మనిషిని, "ఈ బజారులో ఇంత అద్దె కట్టి ఎవరైనా నిలబడగలరా?" అని కూడా అడగలేడు. అడిగితే ఆ కొట్టు మనిషి ఒక్క నిమిషంలో చెప్పేవాడు. లక్షలు తీసుకున్న కన్సల్టెంట్ నివేదికలో లేని జవాబు అది.

గోప్యత పూర్తిగా అక్కర్లేదని నేననను. టెండర్ తెరవకముందు ఎవరెంత వేశారో చెప్పకూడదు, స్థలం కొనే బేరం నడుస్తుండగా మన గరిష్ఠ ధర బయటపెట్టకూడదు. కానీ ఒప్పందం కుదిరాక కూడా జనం డబ్బు ఎంత ప్రమాదంలో ఉందో జనానికి తెలియకూడదా? షెఫీల్డ్‌లో జరిగింది ఇదే. 2012లో ఆ కౌన్సిల్ వీధుల నిర్వహణను 25 ఏళ్లకు, 220 కోట్ల పౌండ్ల ఒప్పందంతో ఒక కంపెనీకి అప్పగించింది. వీధుల వెంట నిక్షేపంగా ఉన్న చెట్లు కూడా కొట్టేస్తుంటే జనం అడ్డుపడ్డారు, అరెస్టులు కూడా అయ్యాయి. 17,500 చెట్లు తీసేసి కొత్తవి నాటాలన్న లక్ష్యం ఆ ఒప్పందంలోనే ఉందని 2018లో గానీ బయటికి రాలేదు. అన్నేళ్లూ ఆ అంకె మీద నల్లసిరా పూసి ఉంది. ఆ ఊరి జనం ఊరుకోలేదు. సంతకాలు సేకరించి, రిఫరెండం పెట్టించి, 2021లో నాయకుడు-కేబినెట్ పద్ధతినే ఓటుతో తీసేసి కమిటీల పద్ధతిని తిరిగి తెచ్చుకున్నారు.

వ్యాపారం కోసమే తలుపులు మూస్తున్నామంటారు. కానీ కౌన్సిల్ సమావేశాల్లోకి పత్రికలవాళ్లను రానివ్వాలన్న 1960 నాటి చట్టాన్ని సభలో ప్రవేశపెట్టింది మార్గరెట్ థాచర్. పార్లమెంటులో ఆమె మొదటి ప్రసంగం దాని మీదే. ప్రైవేటు వ్యాపారానికి ఆమెను మించిన మద్దతుదారు ఆ దేశంలో మరొకరు లేరు. తలుపులు తెరవడంలో ఆమెకు కనిపించని ప్రమాదం నేటి కౌన్సిళ్లకు ఎందుకు కనిపిస్తోంది?

ఇక ఆలస్యం సంగతి. ప్రశ్నల వల్లే పనులు నడవడం లేదన్నది నిజమైతే లెక్కల్లో కనపడాలి కదా. వెనుకబడిన ప్రాంతాలను బాగుచేసే మూడు నిధులకు బ్రిటిష్ ప్రభుత్వం కేటాయించిన 1,047 కోట్ల పౌండ్లలో, 2023 సెప్టెంబర్ నాటికి స్థానిక సంస్థలు ఖర్చుపెట్టగలిగింది 124 కోట్లేనని పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ 2024లో తేల్చింది. డబ్బు ఎవరికిస్తారో తేల్చడానికే కేంద్రం జాప్యం చేసింది, ఈలోగా సిమెంటు, ఇనుము, కూలీ రేట్లు పెరిగి అంచనాలు తలకిందులయ్యాయి. ఈ నెలలకు నెలల నష్టం ముందు ఒక కమిటీ రెండు సాయంత్రాలు కూర్చుని అడిగే ప్రశ్నలు ఏ మూలకు?

స్క్రూటినీలో పార్టీల కొట్లాట ఉంటుంది. పేపర్లో పేరు రావాలని అడిగే ప్రశ్నలూ ఉంటాయి. దానికి మందు ఎక్కువ కాగితాలు ఇవ్వడమే. వివరం తెలియనప్పుడే సభ్యుడు అరుస్తాడు. సమయానికి అడగకపోతే ఏమవుతుందో క్రోయ్‌డన్ చూపించింది. అక్కడ ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ అనే కళావేదిక బాగుచేతకు 3 కోట్ల పౌండ్లు అనుకున్నారు, 6 కోట్ల 75 లక్షలు అయింది. పోటీ టెండర్ లేకుండా కౌన్సిల్ ఆ పనిని తన సొంత కంపెనీకే ఇచ్చింది. 2022 జనవరిలో ఆడిటర్లు దాని మీద ప్రత్యేక నివేదిక ఇచ్చేటప్పటికి హాలు తలుపులు తెరిచి రెండేళ్లు దాటింది, కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చి ఏడాది దాటింది. ఆడిట్ ఎప్పుడూ డబ్బు పోయాకే వస్తుంది. ఇంగ్లండ్‌లో అది కూడా కుంటుపడింది: 2022-23 లెక్కలకు గడువులోగా ఆడిట్ పూర్తయినవి 467 సంస్థల్లో ఐదు. సంతకానికి ముందు అడగగలిగింది స్క్రూటినీ ఒక్కటే.

ప్రశ్నలు అడిగితే పని ఆగిపోతుందన్న ఆలోచనే మన దగ్గర స్మార్ట్ సిటీల రూపంలో వచ్చింది. 2015లో మొదలైన ఆ పథకం ప్రతి నగరంలో ఒక కంపెనీ పెట్టమంది, కౌన్సిల్ అధికారాలు ఆ కంపెనీకీ, దాని సీఈవోకూ బదలాయించమని మార్గదర్శకాల్లోనే రాసింది. కౌన్సిల్ ఉంటే పని నడవదన్న నమ్మకం అక్కడ నియమంగా మారింది. 2016 జనవరిలో తొలి 20 నగరాల జాబితాలోకి విశాఖ ఎక్కేనాటికి ఆ నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. 2012లో పదవీకాలం ముగిసిన కౌన్సిల్ స్థానంలో కొత్తది వచ్చింది 2021లో. ఆ మధ్యకాలంలో సాగిన పనుల్లో మంచివి కూడా ఉండొచ్చు. ఏవి మంచివో అడిగి తేల్చడానికి మాత్రం ఎన్నికైన మనిషి ఒక్కరూ లేరు.

మన దగ్గర కౌన్సిళ్లు ఉన్నచోట టేబుల్ అజెండా ఉంది. ముందు పంచిన అజెండాలో లేని పద్దు సమావేశం రోజున బల్ల మీదికి వస్తుంది, బడ్జెట్ గొడవలో చేతులు లేస్తాయి, కోట్ల పని ఆమోదం పొందుతుంది. ఇంగ్లండ్‌లో అజెండా కనీసం ఐదు పనిదినాల ముందు బయటపెట్టాలి. మన కార్పొరేటర్లు కనీసం ఆ పాటి గడువైనా గట్టిగా అడగాలి. బజారు విస్తరణ అయినా సుందరీకరణ అయినా డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) మొత్తం, అప్పు ఎంత, ఎన్నేళ్లలో ఎవరు తీరుస్తారు అన్న పేజీ తెలుగులో, వారం ముందు చేతికి రావాలి. ఆ పేజీని పట్టుకుని బజారులో కొట్లవాళ్ల దగ్గరికి, తోపుడుబండ్లవాళ్ల దగ్గరికి వెళ్లి చూపించి రావాలి. అది అందని పద్దు ఎంత గొప్పదైనా, ఎవరు తెచ్చినా, సభలో లేచి నిలబడి వాయిదా కోరాలి. 'అభివృద్ధి నిరోధకుడు' అన్న పేరు వస్తుంది. వస్తే రానివ్వండి.