తిండిపోతు అనుట చికిత్స కాదు

మన ఇండ్లలో ఒక వ్యాధి యున్నది. దానికి మనము పెట్టిన పేరు మాత్రము తిట్టు. ఒడలు వచ్చిన కోడలు పండుగపూట రెండవ ఒబ్బట్టు వేయించుకొన్నచో పంక్తి యంతయు ఆమె విస్తరివైపే చూచును. ఆమె సగము కడుపుతో లేచును. ఇల్లు సద్దుమణిగిన పిమ్మట చీకటి వంటింట నిలుచుండి, ఆకలి లేకున్నను ఆపుకొనలేక, కడుపు నొచ్చువరకు తినును. తిన్నందుకు తన్ను తానే అసహ్యించుకొని మరునాడు పస్తుండును. ఆ రాత్రి మరల అదే కథ. ఈ బాధ మగవారికిని తప్పలేదు. దీనిని తిండిపోతుతనమని తీర్పుచెప్పి మనము చేతులు కడుగుకొనుచున్నాము. ఈ తీర్పు తప్పు.

స్థూలకాయులలో ఈ తీరును అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే వర్ణించెను. 2013లో అమెరికా మనోవైద్యుల వ్యాధిపట్టిక దీనిని ప్రత్యేకవ్యాధిగా గుర్తించినది. 2022 జనవరి నుండి అమలులోనున్న ప్రపంచ ఆరోగ్యసంస్థ పట్టికయు గుర్తించినది. వారమునకు ఒకసారియైనను, మూడు మాసములపాటు, అదుపు తప్పిన తిండి యుండుట అమెరికా పట్టిక చెప్పిన గురుతు. లావుగానున్న వారందరికి ఈ వ్యాధి లేదు. ఈ వ్యాధి కలవారందరు లావుగా నుండరు.

"నోరు కట్టుకొనుమనుటకంటె వేరే చికిత్స యేమి?" అని పెద్దలు అడుగుదురు. నోరు కట్టుటయే నోరు తెరచుటకు కారణమగుచున్నదని మా సమాధానము. పగలంతయు మాడిన కడుపు రాత్రి పగ తీర్చుకొనును. ఒక్కపొద్దు దైవభక్తికి తగినదే కాని ఈ రోగమునకు మందు కాదు. బ్రిటను దేశపు జాతీయ వైద్యమార్గదర్శకము 2017లో, మనశ్చికిత్స జరుగుచుండగా బరువు తగ్గుటకై తిండి మానరాదని హెచ్చరించినది. మొదట పుస్తక సహాయముతో స్వయంసాధన. అది చాలనిచో బృందముగా వారమున కొకమారు, 16 మారులు మాటలచికిత్స చేయవలెనని చెప్పినది. రోగి వేళకు తినుట నేర్చుకొనును. ఏమి తిన్నది, అప్పుడు మనస్సెట్లున్నది వ్రాసికొనును. దుఃఖము, ఒంటరితనము, అవమానము తిండివైపు తరుముటను కనిపెట్టును.

ఈ చికిత్స తిండి అదుపును తెచ్చును గాని బరువును అంతగా దించదు. ఈ నిజమును దాచుట మోసము. బరువునకు, చక్కెరవ్యాధికి వైద్యుని కనుసన్నలలో ఆహారనియమము వేరుగా నుండవలెను. మన రాగిముద్దను, అనపగింజల సారును వేళకు, తగుమాత్రము తినుట దానికి అడ్డు కాదు. అత్తగారు విధించు శిక్ష మాత్రము ఆహారనియమము కానేరదు.

ఇక అసలు సంగతి. ఈ చికిత్సకు పనిముట్టు మాట. కడుపులోని సిగ్గును కన్నతల్లి భాషలో గాక ఏ భాషలో చెప్పుకొందుము? బాగేపల్లి, చింతామణి పల్లెలలోని ముసలమ్మకు కన్నడము సంతబేరమునకు చాలును. గుండెబరువు దించుటకు చాలదు. రాజ్యభాషపై మాకు ద్వేషము లేదు. మన బిడ్డలు చదువునది ఆ భాషయే. కాని అల్పసంఖ్యాకుల భాష నూటికి 15 మందికి తక్కువ గాకుండ మాటలాడు చోట్ల ముఖ్య ప్రకటనలు ఆ భాషలోను వెలువడవలెనను రక్షణ చాలకాలము నుండి యున్నది. ఆ న్యాయము గోడమీది ప్రకటనకేనా? రోగి నోటికి వర్తింపదా?

కావున చిక్కబళ్ళాపురము జిల్లా ఆసుపత్రిలోను, తాలూకా ఆసుపత్రులలోను తెలుగు పలుకగల మనశ్చికిత్సకులను నియమింపవలెనని, తిండివ్రాతల పుస్తకమును తెలుగున అచ్చొత్తింపవలెనని కోరుచున్నాము. ఇందుకై ప్రతి రోగియు బాగేపల్లి నుండి సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి బెంగుళూరు నిమ్‌హాన్సు చేరవలెననుట న్యాయము కాదు. అంతవరకు 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ సేవ యున్నది. 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును.

సర్కారును కోరుటకు ముందు మన పంక్తిని సరిచేసికొందము. వచ్చు పండుగకు ఎవరి విస్తరియు లెక్కపెట్టకుందము గాక.