విజ్ఞాన విశేషాలు: మీటడం సులువు, వినడం కష్టం

కెంచార్లహళ్ళిలో వున్నా, బెంగుళూరులో వున్నా, ఈనాడు మన యింటింటా సెల్‌ఫోను వున్నది. ఫోటో తీసేటప్పుడు చేయి కొంచెం వణికినా, చాలా ఫోనులలో బొమ్మ చెదరకుండా వస్తుంది. చేయి కదిలిన సంగతి ఫోనుకు యెవరు చెప్పారు? అందులో సదా కంపిస్తూ వుండే చిన్న సిలికాన్ తునక వున్నది. ఫోను తిరిగితే ఆ కంపనం కొంచెం పక్కకు మళ్ళుతుంది. దాన్నిబట్టి యెంత తిరిగిందో లెక్క తేలుతుంది.

వీణ తీగకు వున్నట్లే ఈ తునకకూ తనదైన స్వరం వున్నది. సెకనుకు వేలసార్లు వూగుతుంది. వూయలను అదను చూసి తోసినట్లు, దాని లయకు సరిగా తోస్తేనే బాగా వూగుతుంది. కాని దాన్ని మీటడానికి వేలు పట్టదు, వినడానికి చెవి ఆనదు. మరి యెలా?

1989లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో విలియం టాంగ్, రోజర్ హౌ ప్రభృతులు ఒక ఉపాయం చూపారు. రెండు దువ్వెనల పండ్లను ఒకదాని సందుల్లో ఒకటి, తాకకుండా జొనిపినట్లు వూహించుకోండి. ఒకటి కదలదు, రెండవది సన్నని సిలికాన్ కమ్ములను పట్టుకొని వ్రేలాడుతుంది. రెంటి నడుమ విద్యుత్తు పెడితే ఆకర్షణ పుట్టి, కదిలేది లోపలికి జరుగుతుంది. విద్యుత్తును లయగా మారిస్తే వూగుతుంది. ఇది మీటడం. రెండవ వైపున ఇటువంటి దువ్వెనే మరొకటి వుంటుంది. పండ్లు లోపలికి పోయినకొద్దీ అక్కడ నిలిచే విద్యుత్తు హెచ్చుతుంది, వెలికి వస్తే తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను కనిపెట్టడమే వినడం.

చిక్కంతా ఇక్కడే గదా! మీటే విద్యుత్తు కొంత దొంగదారిన వినే తీగలోకి జొరబడి, తునక ఇచ్చే అణుమాత్రపు జవాబును ముంచేస్తుంది. పెళ్ళిమేళం పక్కన దోమ పాట వినబోయినట్లు! దీనికొక విరుగుడు వున్నది. ఈ ఆకర్షణకు ధనవిద్యుత్తయినా ఋణవిద్యుత్తయినా ఒకటే. కనుక విద్యుత్తు ఒక చుట్టు తిరిగేలోగా లాగుడు రెండుసార్లు కలుగుతుంది. మంద్రస్థాయి షడ్జంలో మీటితే, తునక మధ్యస్థాయి షడ్జంలో పలుకుతుందన్నమాట. ఆ పై షడ్జాన్ని మాత్రమే వింటే కింది రొద అడ్డురాదు.

ఈ విద్య పరదేశాలకే పరిమితం కాదు. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 2010లో ఏర్పడిన నానో విజ్ఞాన కేంద్రంలో, కొద్ది అణువుల మందపు పొరలను మద్దెల మూతల్లా బిగించి వాటి కంపనాలను శోధిస్తున్నారు. 1933లో ఆ సంస్థకే డైరెక్టరుగా వచ్చిన సి.వి. రామన్‌గారు మృదంగ నాదాన్ని శోధించినవారే. అంత చిన్న మూతపై యే కాస్త పదార్థం వాలినా స్వరం దిగుతుంది; ఆ దిగుడే దాని బరువు చెబుతుంది. గాలిలోని విషవాయువులను పసికట్టడానికి ఇది పనికివస్తుందని శాస్త్రజ్ఞుల ఆశ. కెంచార్లహళ్ళి బడిలో చదివే బిడ్డ రేపు అక్కడ కూర్చుని ఆ స్వరం వినకూడదా?

ఇంట్లో తంబురా వుంటే పిల్లలకు ఈ వేడుక చూపండి. ఒకే శ్రుతిలో వున్న రెండు తీగలలో ఒకదానిపై చిన్న కాగితపు మడత వుంచి, రెండవదాన్ని మీటండి. కాగితం అదురుతుంది. అదెందుకు అదిరిందో పిల్లలనే చెప్పమనండి.