కొత్త సైకిలుకు పాత దారులు

అమెరికన్ మద్యనిషేధ ఉద్యమ నాయకురాలు ఫ్రాన్సిస్ విల్లార్డ్ యాభై మూడేళ్ల వయసులో సైకిలు నేర్చుకున్నారు. ఆ అనుభవాన్ని ‘ఎ వీల్ వితిన్ ఎ వీల్’ అనే చిన్న పుస్తకంగా 1895లో వెలువరించారు. ఆ వయసులో కాళ్ల బలం కన్నా పడిపోతామన్న భయమే పెద్ద సమస్య అని ఆ పుస్తకం చదివినవారికి అర్థమవుతుంది. అయితే ఆమె నేర్చుకున్న నాటికి దారుల్లో మోటారు వాహనాలు దాదాపు లేవు. నేటి లండన్‌లో యాభై దాటి సైకిలెక్కే వ్యక్తికి తూకం నిలుపుకోవడం చిన్న చిక్కు; ఎక్కడ తొక్కాలన్నదే పెద్ద చిక్కు.

ఇక్కడి తెలుగువారిలోనూ ఇలాంటివారు ఉన్నారు. కొందరు బడికీ కాలేజీకీ సైకిలు మీద వెళ్లి, ఉద్యోగం వచ్చాక దాన్ని మరిచినవారు. కొందరు, ఆడపిల్లకు సైకిలెందుకని ఇంట్లో నేర్వనివ్వని స్త్రీలు. పిల్లలు పెద్దవారయ్యాక తీరిక చిక్కి సైకిలు కొంటారు; కొద్దివారాలకే అది షెడ్డులో చేరుతుంది. ఇంట్లోవారు దాన్ని బద్ధకమంటారు. చాలాసార్లు తప్పు మనిషిది కాదు, మొదటి రోజు ఎంచుకున్న దారిది.

ఫోనులోని పటం దూరాన్నీ కాలాన్నీ లెక్కిస్తుంది. పక్కనుంచి బస్సు దూసుకుపోయినప్పుడు హ్యాండిల్ మీద బిగుసుకునే చేతుల సంగతి దానికి తెలియదు. నగరం వేసిన సైకిలు దారులు కూడా ఎక్కువగా ఉద్యోగులను దృష్టిలో పెట్టుకున్నవే. 2010లో మొదలైన నీలిరంగు దారులు చాలాచోట్ల రోడ్డు మీద పూసిన రంగు మాత్రమే. థేమ్స్ ఒడ్డున 2016లో ఏర్పడిన దారికి కార్లనుంచి వేరుచేసే గట్టు ఉంది, నిజమే. కానీ పనిరోజు ఉదయం అక్కడ ఆఫీసుకు పరుగెత్తే సైకిళ్ల మధ్య కొత్తవారు నిలవలేరు. గమ్యం చేరడానికి వేసిన దారి వేరు, విహారానికి పనికివచ్చే దారి వేరు.

విహారపు దారి కావాలంటే నీటిని వెతుక్కోవాలి. లండన్ కాలువలు సరుకు పడవల కోసం తవ్వినవి. మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో పడవలను మనుషులు గట్టు వెంట తాళ్లతో లాగినట్టే, ఇక్కడ గుర్రాలు లాగేవి. నీటికి వాలు పనికిరాదు కనుక గట్టూ దాదాపు సమంగానే సాగుతుంది. గుర్రం కోసం చేసిన ఆ ఏర్పాటు ఇవాళ కొత్త మోకాళ్లకు కలిసివచ్చింది. పాడింగ్టన్ నుంచి హేయ్స్ వరకు 1801లో తెరిచిన శాఖ సుమారు 22 కిలోమీటర్లు; దారిలో ఒక్క లాకు కూడా లేదు. నార్త్ సర్క్యులర్ రోడ్డు వచ్చేసరికి కాలువే వంతెనెక్కి, కింద వాహనాలు పోతుండగా పైన ప్రశాంతంగా దాటుతుంది.

గట్టుకూ తనదైన మర్యాద ఉంది. అక్కడ నడిచేవారిదే మొదటి హక్కు. వంతెనల కింద ఎదుటివారు కనబడరు, కనుక గంట కొట్టి నెమ్మదించాలి. 1820లో పూర్తయిన రీజెంట్స్ కాలువ ఇస్లింగ్టన్ సొరంగంలోకి పోయేచోట గట్టు ఆగిపోతుంది. నాడు గుర్రాన్ని కొండమీదుగా నడిపించినట్టే, నేడు సైకిలును వీధుల్లోంచి తీసుకువెళ్లాలి. వారాంతపు మధ్యాహ్నాల్లో కామ్డెన్ దగ్గర జనమే జనం. ఆదివారం పొద్దున్నే వెళితే అదే గట్టు వేరే ఊరిలా ఉంటుంది.

ఇంత చెప్పినా అసలు ప్రశ్న మిగిలే ఉంది: ఇంటినుంచి ఆ గట్టు దాకా చేరేదెలా? ఈ మధ్యనున్న మైలు దూరమే సైకిళ్లను షెడ్డుల్లో కట్టిపడేస్తోంది. జాతీయ సైకిలు మార్గాల వ్యవస్థను నిర్వహించే సస్ట్రాన్స్ సంస్థ 2020లో తన మార్గాల్లో దాదాపు నాలుగోవంతును జాబితానుంచి తొలగించింది, లేదా మరో తరగతికి మార్చింది. వాటిలో చాలావరకు వాహనాల రద్దీ ఉన్న రోడ్లే. మైళ్ల సంఖ్య తగ్గినా సరే, గుర్తుపలకను నమ్మి వచ్చినవారిని మోసగించకూడదన్న ఆ నిజాయితీ మెచ్చదగినది. ప్రతి స్థానిక మండలీ అదే పద్ధతి పాటించాలి. ఎన్ని మైళ్ల దారి వేశామన్నది కాదు, సైకిలు కొత్తగా నేర్చిన యాభై ఏళ్ల మనిషి తన గుమ్మంనుంచి ఒంటరిగా ఎంతదూరం పోగలడన్నదే కొలత కావాలి.

అంతవరకూ సులువైన ఉపాయాలు లేకపోలేదు. దారిని ముందొకసారి నడిచి చూడటం, భయపెట్టే కూడలి దగ్గర దిగి పేవ్‌మెంటు మీద సైకిలును నడిపించుకోవడం, రద్దీలేని వేళ ఓవర్‌గ్రౌండ్ రైలులో సైకిలుతో గట్టు దాకా చేరడం. ఇవేవీ పిరికితనం కాదు. కొత్తవారి భయం నగరం గురించి నిజమే చెబుతుంది. దాన్ని వినాల్సింది దారులు వేసేవారు.