కంప్యూటర్ పరిచయం: అచ్చులో ఏకరూపత

జీతపు పత్రం, వైద్య ఖర్చుల బిల్లు, సరఫరాదారునికి పంపే కొనుగోలు ఉత్తర్వు: ఇవన్నీ నేడు కంప్యూటర్ నుండే అచ్చవుతున్నవి. వీటిలోని తేదీలు, మొత్తాలు ఒకే తీరున ఉండాలని మేము కోరడం కేవలం అందం కొరకు కాదు. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో చదివేవారికి మార్చి 4. బ్యాంకు గ్యారంటీ గడువు విషయంలో ఈ ముప్పది రోజుల తేడా ఎంత చిక్కు తెచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు.

సాఫ్ట్‌వేరుతో పాటే వచ్చిన ఫీల్డులలో ఈ చిక్కు తక్కువ. మన అవసరం కొద్దీ అదనంగా చేర్చుకున్న ఫీల్డులలోనే ఇది తరచుగా తలెత్తుతుంది. ఉదాహరణకు, ముంబయికి చెందిన ఫ్రాపె సంస్థ రూపొందించిన ఈఆర్‌పీనెక్స్ట్‌ను చూద్దాం. ముద్రణ నమూనాలో ఫీల్డు పేరు మాత్రమే వ్రాస్తే, లోపల భద్రపరచిన విలువ ఉన్నదున్నట్లు 2025-04-03 అనీ, 1250000.0 అనీ అచ్చవుతుంది. అదే ఫీల్డును ‘గెట్ ఫార్మాటెడ్’ అనే ఆదేశంతో పిలిస్తే, సంస్థ మొత్తానికి ఒకచోట నిర్ణయించుకున్న అమరిక ననుసరించి 03-04-2025 అనీ, ₹ 12,50,000.00 అనీ వస్తుంది.

అయితే ఒక షరతు ఉన్నది. ఫీల్డును సృష్టించినప్పుడే అది తేదీయా, సొమ్మా, ఉత్త అక్షరాలా అన్నది తెలియజేయాలి. సొమ్మును ‘డేటా’ రకంగా చేర్చితే కంప్యూటర్‌కు అది అక్షరాల వరుస మాత్రమే. కామాలు వాటంతటవి రావు. అప్పుడు కొందరు ప్రతి నమూనాలోనూ విడివిడిగా సవరణ చేస్తారు. పది నమూనాలుంటే పది చోట్ల దిద్దాలి. ఏ ఒక్కటి మరచినా ఒకే మొత్తం రెండు పత్రాలలో రెండు రూపాలతో కనిపిస్తుంది.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉన్నది. అంకెలతో వ్రాసినదల్లా సంఖ్య కాదు. బ్యాంకు ఖాతా నెంబరును ఎవరూ కూడరు, తీసివేయరు. దానిని సంఖ్యగా చేర్చితే మొదటనున్న సున్నలు రాలిపోతాయి. అటువంటి నెంబరుతో పంపిన సొమ్ము పింఛనుదారుకు సమయానికి అందదు. కనుక ఖాతా నెంబరు, ఉద్యోగి నెంబరు వంటివి అక్షరాలుగానే ఉండాలి. అట్లే ఖాళీ వేరు, సున్న వేరు. ‘మినహాయింపు 0.00’ అంటే లెక్కించగా ఏమీ లేదని. ఖాళీ అంటే ఇంకా లెక్కించలేదని. రెంటినీ ఒకే విధంగా అచ్చు వేయరాదు.

కావున కొత్త ఫీల్డు కోరే సోదర సోదరీమణులకు మా మనవి: అభ్యర్థన పత్రంలో పేరుతో పాటు దాని రకం, దశాంశ స్థానాలు, ఖాళీగా ఉన్నప్పుడు ఏమి కనిపించాలన్నదీ వ్రాయండి. రెండు నిమిషాల ఈ శ్రమ, చదివేవారికి కలిగే అనేక సందేహాలను ముందే తీర్చగలదు.