పక్క గదిలో వ్యాకరణం

మా మనవడు ఎనిమిదో తరగతి. వేసవి సెలవులకు వచ్చినప్పుడు బడివారిచ్చిన ఇంటిపని కూడా సంచిలో వేసుకొచ్చాడు. అందులో ఒకటి ఇంగ్లీషులో పేరాగ్రాఫు రాయడం. అరుగు మీద కూర్చుని బిగ్గరగా వల్లె వేస్తున్నాడు: "ఎ పేరాగ్రాఫ్ హాజ్ త్రీ పార్ట్స్. టాపిక్ సెంటెన్స్, సపోర్టింగ్ సెంటెన్సెస్, కన్‌క్లూడింగ్ సెంటెన్స్." తప్పు లేదు, తడబాటు లేదు. ముచ్చటపడి, "ఒరేయ్, సపోర్టింగ్ సెంటెన్స్ అంటే ఏమిట్రా?" అన్నాను.

"మధ్యలో ఉండేది, తాతయ్యా."

"మధ్యలో ఉండి ఏం చేస్తుంది?"

వాడు నా వంక జాలిగా చూశాడు. "ఏం చెయ్యదు. ఉంటుంది. లేకపోతే రెండు మార్కులు పోతాయి."

ఈ టపాకు మూలం ఆ జవాబే.

నేను ఇంగ్లీషు పంతులును కాను. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ముప్పైమూడేళ్ళు తెలుగు చెప్పి విరమించినవాణ్ణి. "ఇంగ్లీషు వ్యాకరణంతో మీకేం పని పంతులుగారూ?" అని అడిగే హక్కు మీకుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేనూ ఆ ప్రశ్నే వేసుకుని తప్పుకున్నాను. ఇక తప్పుకోదలచలేదు. నా అభియోగం ఇది. తెలుగు పిల్లవాడికి ఇంగ్లీషు వ్యాకరణ పరిభాష తలకెక్కకపోవడానికి కారణం ఆ భాష కఠినమని కాదు. ఆ సంగతుల్లో ముప్పాతిక భాగం నీకు ముందే తెలుసురా అని వాడికి ఎవరూ చెప్పకపోవడం. చెప్పవలసినవారు ఇద్దరు. ఒకరు ఇంగ్లీషు గదిలో ఉన్నారు, ఒకరు తెలుగు గదిలో ఉన్నారు. నడుమ గోడ.

రెండో పీరియడులో నేను సమాపక క్రియ, అసమాపక క్రియ అని చెప్పేవాణ్ణి. మూడో పీరియడులో పక్కాయన వచ్చి ఫైనైట్ వెర్బు, నాన్‌ఫైనైట్ వెర్బు అని చెప్పేవారు. నేను కర్తరి, కర్మణి అంటే ఆయన యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ అనేవారు. నా ప్రత్యక్ష కథనం ఆయనకు డైరెక్ట్ స్పీచి. పిల్లలు ఒకే మనిషిని రెండు పేర్లతో విని ఇద్దరు మనుషులనుకున్నారు. ఇద్దరికీ వేరువేరుగా భయపడ్డారు. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని టీ తాగేవాళ్ళం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మా నోట్సులు పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట వినబడరాదు అన్నది ఒక సిద్ధాంతం. ఇంట్లో ఇంగ్లీషు వినబడే పిల్లలకు అది చెల్లుతుందేమో. కూలికి వెళ్ళివచ్చిన తల్లి ఒడిలో మాటలు నేర్చిన పిల్లకు, "నౌన్ ఈజ్ ఎ నేమింగ్ వర్డ్" అన్న నిర్వచనం మరో నాలుగు తెలియని మాటలే తప్ప వివరణ కాదు. పోనీ, ఆ సిద్ధాంతాన్ని ఇంగ్లీషువాళ్ళయినా పాటించారా? మన భాష నేర్వవలసి వచ్చినప్పుడు కాంబెల్ దొర 1816లో, ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణాలు రాశారు. ఏ భాషలో రాశారు? తమ భాషలో. మన విభక్తులను, మన క్రియారూపాలను తమ భాషలో వివరించుకుని మరీ నేర్చుకున్నారు. అది వారికి వివేకం. అదే పని మన పిల్లవాడు చేస్తే అపచారం!

అసలు ఆ పారిభాషిక పదాలు ఇంగ్లీషువాడికి మాత్రం పుట్టింటివా? నౌన్ అన్నమాట లాటిన్ 'నోమెన్' నుంచి వచ్చింది. ఆ నోమెన్, మన 'నామం' ఒకే మూలానికి చెందిన దాయాదులు. పేరాగ్రాఫు గ్రీకు మాట. మొదట్లో అది రాత పక్కన గీసే చిన్న గీత పేరు. నామం అంటే పేరు అని తెలిసిన తెలుగు పిల్లవాడు నౌన్ దగ్గర బెదరవలసిన పనే లేదు.

ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటుంది. మన పిల్లలు ఇంగ్లీషులో చేసే తప్పులు చాలావరకు తెలుగులో ఒప్పులు. ఆ ఒప్పు ఏమిటో తెలిసినవాడే ఆ తప్పును దిద్దగలడు.

"హీ మై బ్రదర్" అని రాస్తాడు పిల్లవాడు. ఎర్రసిరాతో సున్న. 'వాడు మా తమ్ముడు' అన్న తెలుగు వాక్యంలో క్రియ ఎక్కడుంది? క్రియ లేకుండానే అది సంపూర్ణ వాక్యం. ఇంగ్లీషు అందుకు ఒప్పుకోదు, అక్కడ 'ఈజ్' అనే కాపలావాడు నిలబడాలి. ఈ ఒక్కమాట తెలుగులో చెబితే ఐదు నిమిషాలు. చెప్పకపోతే పదో తరగతి దాకా ఎర్రసిరా.

"హీ విల్ గో టు స్కూల్ డైలీ" అని రాస్తుంది ఇంకో పిల్ల. ఎందుకు రాసింది? 'వాడు రేపు వెళ్తాడు', 'వాడు రోజూ వెళ్తాడు' - రెంటిలోనూ క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో వేరు. మన వ్యాకర్తలకు ఈ భేదం తెలియక కాదు. భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అని నాలుగోది చెప్పారు. స్వభావాన్నీ అలవాటునూ తెలిపేది. సూర్యుడు తూర్పున ఉదయించును. సింపుల్ ప్రెజెంట్ అంటే ఏమిటని తల పట్టుకునే పిల్లకు ఇంతకంటె దగ్గరి చుట్టం దొరకదు. ఆ చుట్టాన్ని తెలుగు పుస్తకంలో బంధించి ఉంచాం.

"హీ సెడ్ దట్ ఐ విల్ కమ్" అన్నది మరొకటి. 'వాడు వస్తానన్నాడు' అంటే తెలుగులో ఉత్తమ పురుష అలాగే నిలిచి ఉంటుంది, ఎవరూ పొరబడరు. ఇంగ్లీషులో ఆ 'ఐ' చెప్పేవాడి మీదికి దూకుతుంది. పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు, తన భాషకు విధేయుడు.

పాసివ్ వాయిస్ సంగతి మరీ ఘోరం. దాన్ని మనం వ్యాకరణంగా కాక కుర్చీలాటగా నేర్పుతున్నాం. ఇటుదాన్ని అటు, అటుదాన్ని ఇటు, నడుమ 'బై'. ఎందుకు మార్చాలి, ఎప్పుడు మార్చాలి అని అడిగే పిల్లవాడు ఉండడు, ఉంటే కూర్చోమంటారు. ఇందులో తెలుగు పండితుల పాపమూ ఉంది. 'రామునిచేత రావణుడు చంపబడెను' అని మేమూ అదే ఆట ఆడించాం. ఆ 'బడు' ప్రయోగం తెలుగుకు సహజం కాదని ఒక గంట చెప్పి, మరుగంట పరీక్షలో అదే అడిగాం. మరి తెలుగువాడు ఆ పని ఎలా చేస్తాడు? 'మా ఇల్లు 1962లో కట్టారు' అంటాడు. ఎవరు కట్టారు? చెప్పడు, చెప్పనక్కరలేదు. తాపీమేస్త్రి పేరు అక్కడ అప్రస్తుతం. ఇంగ్లీషువాడు "అవర్ హౌస్ వాజ్ బిల్ట్ ఇన్ 1962" అనేది సరిగ్గా ఈ అవసరానికే. చేసినవాడు తెలియనప్పుడు, తెలిసినా చెప్పదలచనప్పుడు. ఇది చెప్పాక కుర్చీలాట ఆడించినా బాధలేదు.

ఇక మా తెలుగు గదిలో పిల్లల్ని హడలగొట్టే పట్టిక ఒకటుంది: క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం. దాన్ని ఇంగ్లీషు పక్కన పెట్టి చూడండి. వాన పడి - ఆఫ్టర్. వాన పడుతూ - వైల్. వాన పడితే - ఇఫ్. వాన పడినా - ఈవెన్ ఇఫ్, ఆల్‌దో. ఇంగ్లీషు మాస్టారు నెలరోజులు చెప్పే కంజంక్షన్ల పాఠంలో సగం ఈ నాలుగు మాటల్లో ఉంది. ఇంగ్లీషు విడిమాటతో చేసేపని తెలుగు క్రియ తోకతో చేస్తుంది, అంతే తేడా.

ఇక్కడ నేనొక ఒప్పుకోలు చేయాలి. చేదర్థకం అన్నమాటను నేను మొదటి పదేళ్ళూ వివరించకుండానే చెప్పాను. 'చేత్' అంటే సంస్కృతంలో 'అయితే' అని, ఆ అర్థమిచ్చేది కనుక చేదర్థకమని పిల్లలకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. నాకు మా గురువుగారు చెప్పలేదు, నేను వాళ్ళకు చెప్పలేదు. 'తే వస్తే చేదర్థకం, నా వస్తే అప్యర్థకం' అని గుర్తు చెప్పి మార్కులు వేయించాను. అంటే నా మనవడి సపోర్టింగ్ సెంటెన్సుకూ నా చేదర్థకానికీ తేడా ఏమిటి? రెండు గదుల్లోనూ ఒకటే జబ్బు. పేరు నేర్పాం, పని నేర్పలేదు. ఇంగ్లీషు మాస్టార్లను అనేముందు ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ఇది విని, అయితే ప్రతి ఇంగ్లీషు పదానికీ ఒక తెలుగు పదం అచ్చువేసి ఇస్తే సరిపోతుందని పొంగిపోయే మిత్రులున్నారు. తోటి బ్లాగరులలో కొత్తమాటలు పుట్టించే ఉత్సాహం నాకు తెలుసు, దానిపట్ల గౌరవమూ ఉంది. కాని ఇక్కడ జాగ్రత్త అవసరం. సంక్లిష్ట వాక్యం అన్నా కాంప్లెక్స్ సెంటెన్స్ అన్నా ఒకటే అని పుస్తకాలు రాస్తాయి. 'సీత ఇంటికి వచ్చి అన్నం తింది' అన్నది మనకు సంక్లిష్టం. "కమింగ్ హోమ్, సీత ఏట్ హర్ మీల్" అన్నది వాళ్ళ బడి వ్యాకరణంలో సింపుల్. పేరు కలిసింది, లెక్క కలవలేదు. ప్రిపొజిషన్ అంటే ముందు నిలిచేది. మన విభక్తి వెనక నిలుస్తుంది. 'ఎ', 'ది' అనే ఆర్టికల్సుకు మనకు సాటివే లేవు. కలిసినచోట కలిసిందనీ, కలవనిచోట కలవలేదనీ చెప్పడమే బోధన. అందుకు రెండు భాషలూ తెలిసిన మనిషి కావాలి కాని పదకోశం చాలదు.

పేరాగ్రాఫు దగ్గరికి వస్తాను. వాక్యమంటే ఏమిటన్న ప్రశ్నకు మన శాస్త్రకారులు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు చెప్పారు. "బికాజ్ హీ వాజ్ ఇల్." అని రాసి చుక్కపెట్టిన పిల్లవాడికి 'ఫ్రాగ్మెంట్' అని పక్కన రాస్తే ఏం తెలుస్తుంది? 'ఒంట్లో బాగాలేదు కాబట్టి' అని తెలుగులో చెప్పి ఆగండి. "కాబట్టి ఏమిటి?" అని వాడే అడుగుతాడు. ఆ అడగడమే ఆకాంక్ష. "ఐ సా ఎ డాగ్ గోయింగ్ టు స్కూల్" అని నా విద్యార్థి ఒకడు రాస్తే కుక్క బడికి వెళ్ళిందని స్టాఫ్‌రూమంతా నవ్వారు. వాడి మనసులో ఉన్నది 'నేను బడికి వెళ్తూ కుక్కను చూశాను' అన్న నిక్షేపమైన తెలుగు వాక్యం. దెబ్బతిన్నది సన్నిధి ఒక్కటే. ఆనాడు నేనూ నవ్వాను.

ఒక వాక్యానికే కాదు, ఒక ప్రకరణానికి తాత్పర్యం తేల్చడానికి మీమాంసకులు చెప్పిన గుర్తుల్లో ఉపక్రమోపసంహారాలున్నాయి, ఉపపత్తి ఉంది. ఎత్తుకున్నదేమిటి, ముగించినదేమిటి, నడుమ చూపిన యుక్తి ఏమిటి. టాపిక్, కన్‌క్లూడింగ్, సపోర్టింగ్. యూనిటీకి ఏకవాక్యత, కొహెరెన్సుకు సంగతి. ఎనిమిదో తరగతి వాడికి మీమాంస చెప్పమనడం లేదు. వాడి తాత వాడే మాటలు చాలు: ఎత్తుగడ, రుజువు, ముగింపు, పొంతన.

ఇంగ్లీషు కూడు పెట్టే భాష, ఆవేశంతో అడ్డుపడకండి అనేవారికి ఒక మాట. నేను అడ్డుపడటం లేదు. 2020-21లో ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2022-23లో తెలంగాణలోనూ సర్కారు బడుల పిల్లలకు ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. గణితానికి, విజ్ఞానశాస్త్రానికి ఎదుటి పుట అవసరమని ఒప్పుకున్నప్పుడు, ఇంగ్లీషు వ్యాకరణానికి ఎదుటి పుట ఎందుకు ఉండరాదు? భిన్నాన్ని తెలుగులో అర్థం చేసుకోవచ్చునట, పార్టిసిపుల్‌ను మాత్రం ఇంగ్లీషులోనే అర్థం చేసుకోవాలట!

నేను పనిచేసిన ఒకచోట పదో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు. ఏ పద్యమిచ్చినా అన్వయం చేసేవాడు, కర్తను కర్మను వేలుపెట్టి చూపించేవాడు. పరీక్షలో ఇంగ్లీషు ఒక్కటే పోయింది. రెండోసారీ పోయింది. మూడోసారి కట్టలేదు. కర్త అంటే సబ్జెక్టనీ, వాడు రోజూ తెలుగులో చేసే ఆ అన్వయమే ఇంగ్లీషులో చేయమంటున్నారనీ నేను చెప్పి ఉండవచ్చు. అది నా పీరియడు కాదు కదా అనుకున్నాను. తరవాత చాలా ఏళ్ళకు బస్టాండులో నమస్కారం పెట్టి, నా చేతిలోని సంచి అందుకున్నాడు. ఏం చేస్తున్నావని అడగడానికి నాకు నోరు రాలేదు.

మనవడి పేరాగ్రాఫు సంగతి చెప్పలేదు కదూ. 'అవర్ విలేజ్ ట్యాంక్' అన్నది వాడికిచ్చిన విషయం. "మన చెరువు గురించి ఒక్కమాట చెప్పరా" అన్నాను. "ఈ ఏడు ఎండిపోయింది" అన్నాడు. "నేను నమ్మను" అన్నాను. వాడికి రోషం వచ్చింది. నడిచి అవతలి గట్టుకు వెళ్ళొచ్చానన్నాడు, నెర్రెల్లో కాలు ఇరుక్కుందన్నాడు, గేదెల్ని బోరింగు దగ్గరికి తోలుతున్నారన్నాడు. "ఇప్పుడు నమ్మాను. నువ్వు నాకు చెప్పిన ఆ మూడూ ఏమిటో తెలుసా?" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "సపోర్టింగ్ సెంటెన్సెస్!" అని అరిచాడు. లోపలినుంచి వాళ్ళ నాయనమ్మ ఏమైందని కంగారుగా బయటికి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంగ్లీషులో ఆరు వాక్యాలు రాశాడు. రెండుచోట్ల క్రియ తప్పింది, ఆర్టికల్సు సగం లేవు. 'మా ఊరికి వచ్చిన చుట్టాలు' అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా పెట్టాలో తెలియక ఆ వాక్యం కొట్టేశాడు. మన 'వచ్చిన'కూ వాళ్ళ 'హూ కేమ్'కూ ఉన్న చుట్టరికం పెద్ద కథ, మరో టపాలో రాస్తాను. ఈలోగా మీలో ఇంగ్లీషు చెప్పే మాస్టార్లుంటే, నేను ఇంగ్లీషులో పొరబడిన చోట్లు దిద్దండి.